కోతి ప్రశ్న, ఒంగోలు గిత్త, డార్విన్: ఒక టీచరమ్మకు జవాబు

అమ్మా, మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. మీరు కనిగిరి దగ్గర హైస్కూల్లో బయాలజీ చెబుతున్నారు. 2023లో కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామం (జీవజాతులు తరతరాలుగా మారుతూ రావడం) భాగాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అలా తీసేయొద్దని బహిరంగ లేఖ రాశారు. పాఠం పోయినా పిల్లలు అడగడం మానలేదు. కోతి నుంచి మనిషి వస్తే ఇప్పటి కోతులు ఎందుకు మారడం లేదు? ఇది డార్విన్ అనే ఇంగ్లండ్ ఆయన ఊహ కదా, మనకేం సంబంధం? దీనివల్ల ఉపయోగం ఏంటి? ఇవీ వాళ్ల ప్రశ్నలు. ఒక పిల్లవాడి తండ్రి వచ్చి "ఇదంతా మన దశావతారాల్లో ఉన్నదే కదా" అన్నారని కూడా రాశారు.

నెల్లూరు, ప్రకాశం వైపు జూనియర్ కాలేజీల్లో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్నలు నాకు ఏటా వచ్చేవి. నేనైతే రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. ఈ సిద్ధాంతం ఎలా తయారైందో తెలిస్తే అది ఊహ కాదని పిల్లలకి దానంతట అదే అర్థమవుతుంది. పైగా ఆ తయారీలో మన వైపు చేతులు కూడా ఉన్నాయి.

డార్విన్ పుస్తకం 'ఆన్ ది ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' 1859 నవంబరు 24న వచ్చింది. అది డార్విన్ ఓడ మీద వెళ్లి చూసిన గలపాగస్ దీవులతో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. మొదటి అధ్యాయం మొత్తం మనుషులు పెంచే జంతువులు, పండించే మొక్కల గురించే. అందులోనూ పావురాలకు ఇచ్చిన చోటు చాలా పెద్దది. డార్విన్ ఇంట్లో పావురాలు పెంచాడు, లండన్‌లో రెండు పావురాల క్లబ్బుల్లో చేరాడు, పెంపకందార్లతో కూర్చుని మాట్లాడాడు. అంతటితో ఆగక ఇతర దేశాల్లో ఉన్నవాళ్లకు ఉత్తరాలు రాసి నమూనాలు తెప్పించుకున్నాడు.

అలా నమూనాలు పంపినవాళ్లలో ముఖ్యుడు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి వాల్టర్ ఎలియట్. మన తెలుగువాళ్లకు ఆయన పేరు వేరే సందర్భంలో తెలుసు. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి శిల్పాలను మద్రాసుకు తరలించింది ఆయనే. ఉత్తర సర్కార్ల కమిషనరుగా పనిచేశాడు. 1856లో డార్విన్ ఆయనకు ఉత్తరం రాసి, ఇక్కడ పెంచే పావురాల, కోళ్ల చర్మాలు పంపమని అడిగాడు. ఎలియట్ పంపాడు. మొదటి అధ్యాయంలోనే డార్విన్ ఆయన పేరు చెప్పి కృతజ్ఞత తెలిపాడు. అక్బరు ఆస్థానం వెంట ఎప్పుడూ 20,000కు తగ్గకుండా పావురాలు ఉండేవన్న సంగతి కూడా అదే అధ్యాయంలో ఉంది. ఇంకో విశేషం, అదే 1859లో ఎలియట్ 'ఫ్లోరా ఆంధ్రికా' అనే పుస్తకం అచ్చువేయించాడు. తెలుగు జిల్లాల్లో దొరికే మొక్కల పట్టిక అది, తెలుగు పేర్లతో సహా.

ఇంతకీ పావురాలతో డార్విన్‌కు ఏం పని? విసనకర్రలా తోక విప్పేది, గొంతు బుడగలా ఉబ్బించేది, గాల్లో పల్టీలు కొట్టేది, పొట్టి ముక్కుది, ఇలా పదుల రకాలు ఉన్నాయి. అడవిలో దొరికితే వీటిని వేరువేరు జాతులనే రాసుకునేవాళ్లు. కానీ తెల్లదాన్నీ నల్లదాన్నీ జతకట్టించి, ఆ పిల్లల్ని మళ్లీ జతకట్టిస్తే, నీలిబూడిద రంగుతో, రెక్కల మీద రెండు నల్ల చారలతో, అచ్చం కొండ పావురం లాంటి పిల్ల పుట్టుకొచ్చింది. అంటే అన్నిటికీ మూలం ఒకటే. మనిషి తరతరాలుగా తనకు నచ్చినవాటిని మాత్రమే జతకట్టించడం వల్ల అన్ని రూపాలు వచ్చాయి. మనిషి ఎంపిక కొన్ని వందల ఏళ్లలో ఇంత చేయగలిగితే, మనిషి లేకుండా ప్రకృతిలోనే అలాంటి ఎంపిక కోట్ల ఏళ్లు జరిగితే ఏమవుతుంది? పుస్తకం మిగతా భాగమంతా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది.

ఈ వాదన మన పిల్లలకు చెప్పడానికి పావురాలు కూడా అక్కర్లేదు. ఒంగోలు గిత్త చాలు. మన ఊళ్లలో ఎవరైనా పెద్దాయన పోతే ఆయన పేరు మీద మంచి కోడెదూడను ఎంచి, అచ్చువేసి, ఆంబోతుగా వదిలేవాళ్లు. ఏదో ఒక దూడను కాదు. తల్లి పాడి, ఒళ్లు, మూపురం, గంగడోలు, కొమ్ములు, నడక అన్నీ చూసి పెద్దలు ఒప్పుకున్నదాన్నే వదిలేవాళ్లు. ఊరి ఆవులన్నిటికీ అదే జత. అచ్చోసిన ఆంబోతు అని ఇప్పుడు తిట్టుగా వాడుతున్నాం గానీ, ఒంగోలు జాతిని నిలబెట్టింది ఆ ఏర్పాటే. తెల్లటి ఒళ్లు, పొట్టి కొమ్ములు, కళ్ల చుట్టూ నలుపు, తోక చివర నల్ల కుచ్చు, ఇవన్నీ తరాల తరబడి ఎంచుకుంటూ వచ్చిన లక్షణాలు. రైతులు దీన్ని సిద్ధాంతం అనలేదు. చేసిన పని మాత్రం డార్విన్ మొదటి అధ్యాయంలో ఉన్నదే.

ఇదే జాతి పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లింది. అక్కడ దాని పేరు 'నెలోర్', మన నెల్లూరు పేరే. ఇక్కడ దుక్కికీ, బండలాగుడుకీ, పాలకీ ఎంచుకుంటే, అక్కడివాళ్లు మాంసం కోసం ఎంచుకున్నారు. ఫలితం చూడండి. వేలంలో పదుల కోట్ల రూపాయల విలువ కట్టిన వియాటినా-19 అనే నెలోర్ ఆవు బరువు సుమారు 1,100 కిలోలు. దాన్నీ చదలవాడ పశుక్షేత్రంలోని ఒంగోలు ఆవునీ పక్కపక్కన ఫొటోల్లో చూపించండి. రెండిటి పూర్వీకులూ ఒక చోటివే, విడిపోయి 150 ఏళ్లు దాటింది, అంతే.

డార్విన్ కూడా మన మూపురం పశువుల గురించి ఆలోచించాడు. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ ఆయనకు పేజీలకు పేజీలు ఉత్తరాలు రాసేవాడు. మన పశువుల అలవాట్లు, అరుపు, ఒంటి తీరు గురించి బ్లైత్ రాసింది చదివి, ఇవి యూరప్ పశువుల సంతతి కావని, వేరే అడవి జాతి నుంచి వచ్చి ఉంటాయని డార్విన్ మొదటి అధ్యాయంలోనే రాశాడు. దాదాపు 135 ఏళ్ల తర్వాత, 1994లో, మైటోకాండ్రియా డీఎన్‌ఏ (తల్లి వైపు నుంచి వచ్చేది) పోల్చి చూస్తే అదే తేలింది. మూపురం ఉన్న పశువుల వంశం, లేని పశువుల వంశం లక్షల ఏళ్ల కిందటే విడిపోయాయి. మనుషులు వాటిని వేరువేరు చోట్ల మచ్చిక చేసుకున్నారు. డీఎన్‌ఏ అన్న మాటే తెలియని కాలంలో, కేవలం పరిశీలనతో చెప్పిన మాట అది. పిల్లలకు నేను ఎప్పుడూ ఇది చెప్పకుండా వదిలేవాణ్ణి కాదు.

నెల్లూరుకు ఇంకా దగ్గరి సంబంధం ఒకటుంది. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జనుగా థామస్ జెర్డన్ పనిచేశాడు. వృత్తి వైద్యం, ప్రాణం మాత్రం పక్షుల మీదే. ఇక్కడి జంతువుల గురించి ఆయన యానాదుల దగ్గర తెలుసుకున్నాడు. ఏ పిట్ట ఎక్కడ గూడు పెడుతుంది, ఏది ఎప్పుడు కూస్తుంది అన్నది వాళ్లకన్నా బాగా ఎవరికి తెలుసు? మన కలివికోడికి ఇంగ్లీషులో పెట్టిన పేరు ఆయనదే. 1848లో దాన్ని శాస్త్రలోకానికి వర్ణించింది పైన చెప్పిన బ్లైత్. 1900 తర్వాత కనిపించకుండా పోయిన ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. జెర్డన్ తర్వాత 1862 నుంచి 1864 దాకా 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా' సంపుటాలు రాశాడు. 1871లో వచ్చిన 'ది డిసెంట్ ఆఫ్ మ్యాన్' లో డార్విన్ ఆ పుస్తకాన్ని చాలాసార్లు ఉదహరించాడు. ఒక ఉదాహరణ పూరేడు పిట్టల్లో ఒక రకం గురించి. ఆ రకంలో పెట్టలే పుంజుల కన్నా పోట్లాటకు ముందుంటాయి, మన దేశంలో అప్పట్లో పందేలకు పెట్టల్నే పెంచేవాళ్లు, పెట్టల్ని ఎరగా పెట్టి మిగతావాటిని పట్టేవాళ్లు. మగవే పోట్లాడాలన్న నియమం ఏమీ లేదని, జత కోసం పోటీ ఎవరి మధ్య ఉంటే పోరాడే గుణం వాళ్లలో పెరుగుతుందని చూపడానికి డార్విన్ దీన్ని వాడుకున్నాడు. ఆ పిట్టలు పట్టిన మనుషుల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ల జ్ఞానం మాత్రం ఆ పుస్తకంలో ఉంది.

కాబట్టి "మనకేం సంబంధం" అన్న పిల్లవాడికి ఇవన్నీ చెప్పండి.

ఇక డార్విన్ ఒక్కడే కనిపెట్టాడా అంటే, జీవజాతులు మారతాయన్న మాట ఆయన పుట్టకముందే ఉంది. సొంత తాతగారు ఎరాస్మస్ డార్విన్ 1790ల్లోనే రాశాడు. డార్విన్ పుట్టిన 1809లోనే ఫ్రాన్సులో లామార్క్ ఒక పూర్తి సిద్ధాంతం ప్రచురించాడు. జీవి తన బతుకులో సంపాదించుకున్న మార్పు పిల్లలకు వస్తుందని ఆయన అనుకున్నాడు. అది నిలబడలేదు. డార్విన్ చూపించింది మార్పు ఎలా జరుగుతుందో. 1831 డిసెంబరు నుంచి 1836 అక్టోబరు దాకా బీగిల్ ఓడ మీద తిరిగి వచ్చాక, 1838లో మాల్థస్ జనాభా వ్యాసం చదివాడు. ఆ మాల్థస్ ఉద్యోగం ఏమిటో తెలుసా? ఈస్టిండియా కంపెనీ కుర్ర అధికార్లను తయారుచేసే హెయిలీబరీ కాలేజీలో పంతులు. మన వాల్టర్ ఎలియట్ చదివిందీ అక్కడే. పుట్టేవన్నీ బతికితే తిండి చాలదు, కాబట్టి చాలావరకు చస్తాయి అన్నది మాల్థస్ లెక్క. అయితే ఏవి మిగులుతాయి అన్నది డార్విన్ ప్రశ్న. ఒకే తల్లి పిల్లల్లో కూడా చిన్నచిన్న తేడాలుంటాయి. వాటిలో కొన్ని వంశపారంపర్యంగా వస్తాయి. ఆ చోట, ఆ పరిస్థితిలో బతకడానికి పనికొచ్చే తేడా ఉన్నవి ఎక్కువ పిల్లల్ని కంటాయి. తరాలు గడిచేకొద్దీ ఆ తేడా గుంపంతా పాకుతుంది. అంతే సిద్ధాంతం. మిగతాదంతా రుజువులు.

అదే ఆలోచన 1858లో ఆల్ఫ్రెడ్ వాలెస్ అనే ఇంకో ప్రకృతి శాస్త్రవేత్తకు వచ్చింది. ఇండోనేషియా దీవుల్లో మలేరియా జ్వరంతో పడుకుని ఉండగా వచ్చింది. ఆయన అది రాసి డార్విన్‌కే పంపాడు. 1858 జులై 1న లండన్‌లో లిన్నియన్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘంలో ఇద్దరి రాతలూ కలిపి చదివారు. దానికి మూడేళ్ల ముందే, వాలెస్ రాసిన ఇంకో వ్యాసం చూశారా అని కలకత్తా నుంచి డార్విన్‌ను హెచ్చరించింది మళ్లీ బ్లైతే. ఇద్దరు మనుషులు, వేరువేరు చోట్ల, అదే తీర్మానానికి రావడం గురించి పిల్లలతో కాసేపు మాట్లాడండి. ఒకడి ఊహ అయితే అలా జరగదు.

డార్విన్ దగ్గర రెండు పెద్ద లోటులు ఉండేవి. ఒకటి కాలం. కోట్ల ఏళ్లు కావాలని ఆయన అంటే, భూమి చల్లబడే లెక్కలు వేసిన భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ అంత వయసు లేదన్నాడు. భూమి లోపల వేడి పుట్టించే రేడియోధార్మికత గురించి కెల్విన్‌కు అప్పటికి తెలియదు. ఇప్పుడు మనకు తెలిసిన భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. దీన్ని బోర్డు మీద అంకెగా రాస్తే పిల్లలకు ఏమీ అనిపించదు. మార్కాపురం పలక ముక్క ఒకటి చేతిలో పెట్టండి. మన తరం దిద్దుకున్న పలకలు ఆ రాతివే. సముద్రం అడుగున పేరుకున్న సన్నటి బురద అది, 100 కోట్ల ఏళ్లకు పైబడింది. అందులో చేప ఎముక గానీ ఆకు గానీ వెతికినా దొరకదు, ఎందుకంటే అప్పటికి ఎముకలున్న జంతువూ లేదు, ఆకులున్న మొక్కా లేదు. ఉన్నవి దాదాపు అన్నీ కంటికి కనపడని జీవులే. తర్వాత ఒంగోలు వైపు రండి. వేమవరం షేల్ (బురద గట్టిపడిన రాయి) అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే పొరలున్నాయి, క్రెటేషియస్ యుగం తొలి భాగానివి, అంటే 10 కోట్ల ఏళ్లు దాటినవి. వాటిలో ఆకుల అచ్చులు దొరుకుతాయి, అమ్మొనైట్లు అనే సముద్ర జీవుల గుల్లలు దొరుకుతాయి. ఆ ఆకుల్లో ఎక్కువ భాగం సైకాడ్ (ఈత చెట్టులా కనిపించే, పూలు పూయని మొక్క) లాంటి మొక్కలవి, మామిడి, వేప లాంటి పూల మొక్కలవి కావు. పాత ప్రకాశం జిల్లా దాటకుండా ఇన్ని కాలాల పొరలు చూపించగలగడం మన టీచర్ల అదృష్టం.

రెండో లోటు వారసత్వం. తల్లిదండ్రుల గుణాలు పిల్లల్లో రంగుల్లా కలిసిపోతే, పనికొచ్చే తేడా రెండు మూడు తరాల్లో పలచబడిపోతుంది కదా అని 1867లో ఒక ఇంజినీరు అడిగాడు. డార్విన్ దగ్గర సరైన జవాబు లేదు. జవాబు అప్పటికే అచ్చయి ఉంది, గుణాలు కలిసిపోవు, విడివిడిగానే తరం దాటతాయని చూపిన మెండెల్ బఠాణీల వ్యాసం, 1866లో. అది శాస్త్రలోకం దృష్టికి వచ్చింది 1900లో. మెండెల్‌నూ డార్విన్‌నూ లెక్కలతో కలిపిన ముగ్గురిలో ఒకడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన 1957లో ఇండియాకు వచ్చేశాడు, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు, విద్యార్థులు చదువుకోవడానికి. ఆయన దగ్గర పనిచేసి పేరు తెచ్చుకున్నవాళ్లలో మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు ఉన్నాడు. హాల్డేన్ గురించి పిల్లలకు విడిగా ఒక రోజు చెప్పండి, అంత విలువైన మనిషి.

ఇప్పుడు కోతి. ఇప్పటి కోతి నుంచి మనిషి వచ్చాడని డార్విన్ చెప్పలేదు, ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. మీరూ మీ మేనత్త పిల్లలూ ఒకే తాతా నాయనమ్మల సంతతి. మేనత్త పిల్లలు మీరుగా మారలేదు, మీరు వాళ్లుగా మారలేదు, ఇద్దరూ ఉన్నారు. మనిషికీ చింపాంజీకీ ఉమ్మడి పూర్వీకులు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికాలో బతికారు. మన ఊళ్లలో తిరిగే కోతితో బంధుత్వం అంతకన్నా చాలా పాతది. ఆ పూర్వీకులు ఇప్పటి కోతులూ కారు, ఇప్పటి మనుషులూ కారు. కోతి "మారడం" అంటే మనిషి కావడమే అన్న అనుకోలు ప్రశ్నలోనే ఉంది. మెట్లెక్కి పైకి వెళ్లేది పరిణామం కాదు. కోతి తన చోట, తన బతుకుకు సరిపోయి ఉంది, అదీ మారుతూనే ఉంది.

రుజువు అడుగుతారు. క్రోమోజోముల (కణంలో జన్యువులుండే పోగుల) కథ చెప్పొచ్చు. చింపాంజీకి 24 జతలు, మనకు 23, మన రెండో క్రోమోజోము రెండు అతుక్కుని ఏర్పడిందని దాని మధ్యలోనే గుర్తులున్నాయి. కానీ నాకు ఇష్టమైన రుజువు నిమ్మకాయ. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు మనకు కావాలి, ఎందుకంటే విటమిన్ సి మన ఒంట్లో తయారుకాదు. నెల్లూరు గొర్రెకు అక్కర్లేదు, దాని కాలేయమే తయారుచేసుకుంటుంది. ఆ తయారీలో ఆఖరి మెట్టుకు కావలసిన జన్యువు మనలో లేకుండా పోలేదు, చెడిపోయిన రూపంలో ఇంకా పడి ఉంది. కోతుల్లోనూ, చింపాంజీల్లోనూ అదే జన్యువు చెడిపోయి ఉంది. విడివిడిగా సృష్టించి ఉంటే పనిచేయని ముక్కను అందరిలోనూ ఒకే చోట ఎందుకు పెట్టాలి? పండ్లు తినే ఉమ్మడి పూర్వీకుల్లో అది చెడిపోయినా నష్టం కలగలేదు, అందుకే అలాగే మన దాకా వచ్చింది.

దశావతారాల గురించి ఆ తండ్రిగారితో గౌరవంగా మాట్లాడండి. చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు అన్న వరుసలో ఒక పోలిక ఉందని హాల్డేన్ కూడా గమనించాడు. కానీ ఆ కథలు చెప్పేది ధర్మం గురించి, భగవంతుడి గురించి. మార్పు ఏ విధానంలో జరుగుతుంది, ఎంత కాలం పడుతుంది, ఎలా పరీక్షించి చూడాలి అన్నవి వాటి విషయం కాదు, అలా అడగడం ఆ కథలకే అన్యాయం. భక్తి ఉన్న ఇంట్లో పిల్లవాడు ఈ పాఠం చదివితే ఇంట్లో పూజకు ఏ అడ్డమూ లేదు. ఈ మాట ఆ తండ్రికి ముందే చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది.

"ఎవరూ కళ్లారా చూడలేదు కదా" అని కూడా అంటారు. చూశారు. గలపాగస్‌లో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ప్రతి పిట్టనూ కొలుస్తూ వచ్చారు. 1977లో కరువొచ్చింది. మెత్తని గింజలు అయిపోయి, గట్టి గింజలే మిగిలాయి. పిట్టల్లో ఎక్కువ భాగం చచ్చిపోయాయి. బతికినవి మందపాటి ముక్కున్నవి, వాటి పిల్లలకూ అదే ముక్కు వచ్చింది. తేడా అర మిల్లీమీటరు అటూఇటూ, అయినా కొలిచి చూపించారు.

అంత దూరం ఎందుకు? ఇందుకూరుపేట, అల్లూరు, వాకాడు వైపు రొయ్యల చెరువు ఉన్న ఇంటి పిల్లలు మీ క్లాసులో లేకపోయినా, వాళ్ల బంధువులు ఉంటారు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్యల చెరువులు ఊడ్చుకుపోయాయి. ఎన్ని కుటుంబాలు అప్పుల పాలయ్యాయో ఈ తీరంలో అందరికీ తెలుసు. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చింది. వ్యాధులు లేకుండా పెంచిన తల్లి రొయ్యల్ని బయటి దేశాల నుంచి తెస్తున్నారు, ఆ తల్లి రొయ్యలు తరతరాల ఎంపిక ఫలితం. టారా అనే వైరస్‌ను తట్టుకునే వనామీ వంశాలను కూడా బతికిన వాటినుంచే ఎంచి తయారుచేశారు. ఇది మనిషి ఎంపిక. అదే చెరువులో రెండో ఎంపిక కూడా జరుగుతుంది. విబ్రియో లాంటి బ్యాక్టీరియా మీద యాంటీబయాటిక్ పోస్తే మామూలువి చస్తాయి, తట్టుకునే తేడా ఉన్నవి మిగిలి పెరుగుతాయి. మందే వాటిని ఎంచిపెడుతోంది. పైగా బ్యాక్టీరియా ఆ జన్యువుల్ని ఒకదానికొకటి ఇచ్చుకుంటాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్‌ల మీద నిషేధం ఉంది. దానికి తినేవాళ్ల ఆరోగ్యం, ఎగుమతులు కారణాలే, కానీ ఈ కారణం కూడా రైతుకు తెలియాలి.

వరిలో అయితే సుడిదోమ. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది, తర్వాత పనిచేయడం మానేసింది. మందు కల్తీ అని షాపుమీద గొడవపడతారు, ఒక్కోసారి నిజంగా కల్తీ కూడా కావచ్చు. కానీ చాలాసార్లు జరిగింది దోమ పరిణామం. దోమను తట్టుకునే ఐఆర్26 వరి రకం 1973లో విడుదలైతే ఫిలిప్పీన్స్‌లో రెండు మూడేళ్లకే దాన్ని తినగల దోమ వచ్చేసింది. నెల్లూరు మసూరి అగ్గితెగులును తట్టుకుంటుందని మనం వేస్తాం, కానీ ఒక్క రకమే ప్రతి ఏడూ ప్రతి పొలంలో వేస్తే అదే ప్రమాదం దానికీ ఉంది. అందుకే రకాలు మార్చమంటారు, మందులు మార్చమంటారు. ఉపయోగం ఏంటని అడిగిన పిల్లవాడికి నా జవాబు ఇదే. వాళ్ల నాన్న ఏటా మందుకు పెట్టే ఖర్చులో ఈ పాఠం ఉంది.

ఈ సిద్ధాంతం పేరు చెప్పి జరిగిన చెడు కూడా దాచకుండా చెప్పండి. 'యోగ్యులే మిగులుతారు' అన్న మాట డార్విన్‌ది కాదు, హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఇంగ్లండ్ తత్వవేత్త 1864లో వాడాడు, డార్విన్ తర్వాత తీసుకున్నాడు. డార్విన్‌కు మేనత్త కొడుకు వరసయ్యే ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో యూజెనిక్స్ అని పేరుపెట్టి, మంచి వంశాలవాళ్లే ఎక్కువ పిల్లల్ని కనాలన్నాడు. అది పట్టుకుని అమెరికాలో 60,000 మందికి పైగా బలవంతంగా సంతానం లేకుండా చేశారు. జర్మనీలో నాజీల 1933 చట్టం కింద సుమారు 4 లక్షల మందికి అదే చేశారు.

మన దగ్గర 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ పాకింది. కావలిలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటు పేరుతో ఒక చోట కట్టడి చేసి ఉంచారు. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర. ఆ చట్టానికి డార్విన్ కారణం కాదు. కులవృత్తి లాగే నేరం కూడా తండ్రి నుంచి కొడుక్కి వస్తుందని పాలకులు ముందే నమ్మారు. తర్వాత యూజెనిక్స్ లాంటివి ఆ నమ్మకానికి సైన్సు అన్న పేరు తగిలించాయి. 1952లో ఆ చట్టం పోయింది, ముద్ర మాత్రం చాలా చోట్ల ఇంకా పోలేదు. నాకు ఇది చెప్పేటప్పుడు కోపం వస్తుంది, దాచుకోను. జెర్డన్‌కు పక్షులు చూపించిన యానాదుల జ్ఞానం పుస్తకాల్లోకి ఎక్కింది, వాళ్లలాంటి పక్క తెగను మాత్రం పుట్టుకతో దొంగలన్నారు.

ఆ ఆలోచన సైన్సు ప్రకారం కూడా తప్పు. యోగ్యత అనేది చోటును బట్టి ఉంటుంది. నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, పొట్టి వెంట్రుకలే, మన ఎండకు అది బ్రహ్మాండం. స్కాట్లండ్ చలిలో అదే గొర్రె బతకదు, అక్కడి ఉన్ని గొర్రె మన మే నెలలో బతకదు. ఏది మేలు అంటే ఎక్కడ అని అడగాలి. మనుషుల విషయంలో డార్విన్ వాదించింది అన్ని జాతుల మనుషులూ ఒకే మూలం నుంచి వచ్చారనే, బానిసత్వాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. ఏ ఇద్దరు మనుషుల డీఎన్‌ఏ తీసుకున్నా సుమారు 99.9 శాతం ఒకటే.

పాఠం చెప్పే వరుస గురించి ఒక మాట. మనిషితో మొదలుపెట్టకండి, మొదలుపెడితే గొడవే మిగులుతుంది. పిల్లల చేత 50 చింతపిక్కలు కొలిపించండి, పొడవుల ప్రకారం గ్రాఫు గీయించండి, తేడా అంటే ఏంటో అక్కడే కనబడుతుంది. తర్వాత గిత్త, తర్వాత సుడిదోమ, రొయ్య, తర్వాత పలక, చివర్లో నిమ్మకాయ, మనిషి.

అప్పుడు ఎవడో ఒకడు లేచి, కన్ను లాంటిది చిన్నచిన్న మార్పులతో ఎలా వచ్చిందని అడుగుతాడు. మంచి ప్రశ్న, డార్విన్ ఆరో అధ్యాయంలో తానే వేసుకున్నాడు. జవాబుకు నత్తల బంధువులు చాలు. లింపెట్‌కు వెలుతురు తెలిసే చిన్న గుంట మాత్రమే ఉంటుంది. నాటిలస్‌కు ఆ గుంట మూసుకుపోయి సన్నటి రంధ్రం మిగులుతుంది, కటకం ఉండదు. ఆక్టోపస్‌కు కటకంతో సహా పూర్తి కన్ను ఉంటుంది. మధ్య మెట్టు ప్రతిదీ ఏదో ఒక జీవికి ఈరోజు పనికొస్తూనే ఉంది. 1994లో నిల్సన్, పెల్గర్ అనే శాస్త్రవేత్తలు లెక్క కడితే, మెట్టుకు ఒక శాతం మార్పు చొప్పున, 4 లక్షల తరాల లోపే చదునైన చర్మం నుంచి కటకమున్న కన్ను రావచ్చని తేలింది. బోర్డు మీద నాలుగు బొమ్మలు గీస్తే ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది.